147573952589676412927: ఇది ప్రధాన సంఖ్యేనా?

డిగ్రీ పిల్లలకు సంఖ్యావాదం మొదలుపెట్టే రోజు బోర్డు మీద ఈ సంఖ్య వేస్తాను. 21 అంకెలు. విలువ 2⁶⁷ − 1. పెద్ద సంఖ్యల మీద ఉన్న అపోహలన్నీ దీని దగ్గరే బయటపడతాయి.

అపోహ: చిన్న ఎక్కాల్లో పోకపోతే ప్రధాన సంఖ్యే.

పిల్లలు ముందు అంకెలు కూడతారు. 109 వస్తుంది, మూడో ఎక్కంలో పోదు. తర్వాత కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి ఒకటి తీసేస్తూ, ఒకటి కలుపుతూ పోతారు: 927 − 412 + 676 − 589 + 952 − 573 + 147 = 1128. ఇది 7, 11, 13 ఎక్కాల్లో పోదు కాబట్టి అసలు సంఖ్య కూడా పోదు. ఇంకేముంది, ప్రధాన సంఖ్యేనని వెనక బెంచీ తీర్పు ఇచ్చేస్తుంది.

నిజానికి ఆ కష్టమంతా దండగ. 67 ప్రధాన సంఖ్య కాబట్టి, దీన్ని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 134తో (67కు రెట్టింపు) భాగిస్తే 1 మిగలాలి. 3, 7, 11, 13లకు మొదటి నుంచీ చాన్సే లేదు. దీని కారణాంకాల్లో చిన్నదే 193707721!

అపోహ: ఘాతాంకం n ప్రధాన సంఖ్యయితే 2ⁿ − 1 లాంటివన్నీ ప్రధాన సంఖ్యలే.

2¹¹ − 1 = 2047 = 23 × 89. అంతే. 1644లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు మెర్సెన్ అంతటివాడు కూడా, 2ⁿ − 1 ప్రధాన సంఖ్య అయ్యే ఘాతాంకాల జాబితాలో 67ను చేర్చి తప్పులో కాలేశాడు.

అపోహ: ప్రధాన సంఖ్య కాదని తేలిందంటే కారణాంకాలు దొరికినట్టే.

ఇక్కడ చదువుకున్నవాళ్లే ఎక్కువ తడబడతారు. 2⁶⁷ − 1 ప్రధాన సంఖ్య కాదని ఫ్రెంచ్ గణితజ్ఞుడు లూకాస్ 1876లోనే తేల్చాడు, ఒక్క కారణాంకం కూడా చూపకుండా. ఆయన ఆలోచనను తర్వాత అమెరికన్ గణితజ్ఞుడు లేమర్ సులువు చేశాడు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. మళ్లీ అదే పని, ఘాతాంకం కన్నా రెండు తక్కువ సార్లు. చివర సున్నా వస్తేనే ప్రధాన సంఖ్య. 31కి, అంటే 2⁵ − 1కి, చేసి చూడండి: 4, 14, 8, 0. మూడో అడుగులో సున్నా వచ్చింది, కాబట్టి 31 ప్రధాన సంఖ్య. మన సంఖ్యకు 65 అడుగులు వేయాలి. చివర సున్నా రాదు. కాదని తేలిపోయింది, కానీ దేనితో భాగించాలో ఆ శేషం చెప్పదు.

అది చెప్పడానికి 1903 దాకా ఆగాల్సి వచ్చింది. న్యూయార్క్‌లో జరిగిన గణితజ్ఞుల సమావేశంలో అమెరికన్ గణితజ్ఞుడు కోల్ చూపించిన గుణకారం ఇది: 193707721 × 761838257287. నోరు విప్పకుండా బోర్డు మీద ఒకవైపు 2⁶⁷ − 1, మరోవైపు ఈ గుణకారం లెక్క చేసి కూర్చున్నాడని చెప్పుకుంటారు.

అపోహ: ఐఐటీ కాన్పూర్ వాళ్ల పద్ధతితో బ్యాంకు తాళాలు తెరుచుకుంటాయి.

2002లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కాయల్, నితిన్ సక్సేనా చేసింది ప్రధాన సంఖ్యను గుర్తించే పని, విడగొట్టే పని కాదు. అసలు ఆన్‌లైన్‌లో సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఆర్‌ఎస్‌ఏ తాళం తయారు చేయడానికే పెద్ద ప్రధాన సంఖ్యలు రెండు కావాలి, వాటిని గుణించి లబ్ధం తీయడానికి. కష్టమంతా ఆ లబ్ధాన్ని తిరిగి విడగొట్టడంలోనే. 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్యను 2020లో విడగొట్టారు. ఒక్క ప్రాసెసర్ కోర్ లెక్కన అది దాదాపు 2,700 ఏళ్ల పని. ఇప్పుడు మామూలుగా వాడే 2048 బిట్ల తాళంలో సంఖ్యకు 617 అంకెలుంటాయి.