రిమోట్‌లో 24 సరే, నెత్తి మీద స్లాబ్ సంగతేంది?

2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ గారు ఇకమీద ఏసీలు 20 కంటే కిందికి, 28 కంటే పైకి పోకుండా రూల్ తెస్తామని చెప్పినప్పుడు మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. ఆదివారం భోజనానికొచ్చిన మా బావ ఇంకా కంచం ముందు కూర్చోనే లేదు, మొదలుపెట్టేశాడు, ఏసీ నాది, బిల్లు నేను కడుతున్న, నా బెడ్రూంల ఎంత పెట్టుకోవాలో ఢిల్లీవాళ్ళు చెప్తరా అని. మా అక్క మాత్రం తాపీగా, 18 పెట్టుకుని రగ్గు కప్పుకునే మనిషివి నువ్వు, ముందు ఆ రగ్గు తియ్యి అంది.

"18 పెడ్తే తొందరగా సల్లబడ్తదిరా, నీకేం తెల్సు" అన్నాడు బావ నాతో.

ఈ నమ్మకం మా బావ ఒక్కడిదే కాదు, సగం హైదరాబాద్‌ది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్ దాకా టికెట్ తీసుకున్నంత మాత్రాన రైలు మధ్యలో వచ్చే అమీర్‌పేటకి ముందే చేరదు కదా, ఏసీ కూడా అంతే, రిమోట్‌లో నంబరు అది ఎక్కడ ఆగాలో చెప్తుంది గానీ ఎంత స్పీడుగా పోవాలో చెప్పదు. ఇన్వర్టర్ ఏసీ అయితే తేడాని బట్టి స్పీడు కొంచెం అటూ ఇటూ మార్చుకుంటుంది, నిజమే, కానీ ఉడికిపోతున్న గదిలో 24 పెట్టినా అది మొదట్లో ఫుల్లుగానే కొడుతుంది. ఇంకో మాట, 24 అనేది కంపెనీవాళ్ళకి తోచిన నంబరు కూడా కాదు. స్టార్ రేటింగ్ ఉన్న రూం ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 చూపించాలని 2020 జనవరి 1 నుంచి రూల్ ఉంది, మనం దాన్ని రోజూ కిందికి నొక్కుకుంటూ కూర్చున్నాం, అంతే తేడా.

ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఏసీలకి ఆ స్టార్లు ఇచ్చే కేంద్ర సంస్థ, బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ళు చెప్తుంటారు. ఇది గాల్లోంచి పుట్టిన లెక్కేం కాదు. బయట 36, లోపల 24 అనుకోండి, తేడా 12 డిగ్రీలు. గోడల్లోంచి లోపలికొచ్చే వేడి ఈ తేడాని బట్టే ఉంటుంది, కాబట్టి 25 పెడితే ఆ వేడి పన్నెండో వంతు తగ్గుతుంది. మనుషుల ఒంటి వేడి, ఫ్రిజ్జు, గాల్లో చెమ్మ, ఇవేం తగ్గవు గనక మొత్తం మీద ఆరు ఏడు శాతం అంటే నమ్మేలాగే ఉంది. అదే మా బావలాగా 18 పెడితే తేడా 18, అంటే 24తో పోలిస్తే గోడల వేడి ఒకటిన్నర రెట్లు.

సో రూల్ మంచిదే. కానీ నా గొడవ వేరే.

మేముండేది మల్కాజిగిరిలో, 150 గజాల స్థలంలో కట్టిన ఇంట్లో పై అంతస్తు. మే నెలలో ఏసీ ఎంత తిప్పినా గది చల్లబడట్లేదని మెకానిక్‌ని పిలిచాను, గ్యాస్ పోయిందేమో అనుకున్నా. వచ్చిన పిల్లోడు గేజీలు పెట్టి చూశాడు, ఫిల్టర్ కడిగాడు, తర్వాత సంచిలోంచి టెంపరేచర్ గన్ తీసి సీలింగ్‌కి గురిపెట్టాడు. రాత్రి తొమ్మిది దాటింది, బయట గాలి కాస్త చల్లగానే ఉంది, గన్‌లో మాత్రం 41. గోడ మీద పెడితే 36. "ఏసీ మంచిగనే ఉందన్నా, మీ స్లాబే కాలుతుంది" అన్నాడు. సర్వీసింగ్ డబ్బులు తీసుకుని, నేనైతే ఇంట్ల కూలరే వాడత, ఏసీ పెడ్తే 200 యూనిట్లు దాటి జీరో బిల్లు పోతది అని గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం లెక్క కూడా చెప్పి పోయాడు. కూలర్ ఏప్రిల్, మేలో మన ఊరి పొడి గాలికి బాగానే పనిచేస్తుంది, జూలైలో చెమ్మొచ్చాక ఉత్త ఫ్యానే అనుకోండి, అది ఇంకో కథ.

ఆ 41 నన్ను నిద్రపోనివ్వలేదు, లెక్క వేశాను. మా గది 10 అడుగులు ఇంటూ 12, ఎత్తు 10. అందులో ఉన్న గాలి బరువు దాదాపు 41 కిలోలు, అంతే, ఒక్క సిమెంటు బస్తాకి కూడా రాదు. ఏసీలో టన్ను అంటే ఏసీ బరువు కాదు, ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి లాక్కుంటుందో అంత, సుమారు 3.5 కిలోవాట్లు. అంటే ఒకటిన్నర టన్ను ఏసీ 5 కిలోవాట్లకి పైనే వేడిని బయటికి తోస్తుంది. ఆ 41 కిలోల గాలిని 36 నుంచి 24కి దించడానికి దానికి ఎంతసేపు పట్టాలో తెలుసా, రెండు నిమిషాలు కూడా కాదు!

మరి రాత్రంతా అది ఎందుకు రొప్పుతోంది? ఎందుకంటే మన పైన ఐదంగుళాల మందాన కాంక్రీటు ఉంది, ఒక్క మా గది మీదే 3 టన్నులకి పైగా. ఆ స్లాబ్‌ని ఒక్క డిగ్రీ చల్లార్చాలంటే గదిలో గాలిని ఒక్క డిగ్రీ చల్లార్చేదానికంటే 70 రెట్ల వేడి తియ్యాలి. మనం ఏసీ కొనుక్కున్నది మనకోసం అనుకుంటాం, అది పనిచేసేది మాత్రం స్లాబ్ కోసం.

మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు. మా గది మీద స్లాబ్ 11 చదరపు మీటర్లు, అంటే 11 రూం హీటర్లు మిద్దె మీద వరుసగా పెట్టినట్టు. అందులో చాలా భాగాన్ని మాసిన కాంక్రీటు మింగేసి నింపాదిగా కిందికి వదులుతుంది, గంటలు గంటలు పడుతుంది, పొద్దున తిన్న ఎండని మనం పడుకునే టైంకి కక్కుతుంది. ఇక్కడే అసలు తమాషా ఉంది. మధ్యాహ్నం సోలార్ కరెంటు పుష్కలంగా ఉన్నప్పుడు మనం ఆఫీసుల్లో ఉంటాం, రాత్రి పదింటికి ఇంటింటా ఏసీ ఆన్ అయ్యే టైంకి సూర్యుడు లేడు, రామగుండంలో ఆ 100 మెగావాట్ల నీళ్ళ మీద తేలే సోలార్ ప్లాంటూ పడుకుంటుంది, పక్కనే ఉన్న బొగ్గు ప్లాంటే దిక్కు. మన దేశంలో సగటున ఒక్క యూనిట్ వెనక సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే పగటి ఎండని దాచిపెట్టి, రాత్రి బొగ్గు కాల్చి దాన్ని బయటికి పంపుతున్నాం, ఆ పంపింది కూడా పక్కింటి కిటికీలోకి.

దీని మీద రూల్ లేదా అంటే ఉంది, అదీ మన రాష్ట్రంలోనే. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు ఎండని తిప్పికొట్టేలా చేయాలని, అందులో 200 హైదరాబాద్‌లోనే అని టార్గెట్ పెట్టుకున్నారు. కానీ ఇళ్ళకొస్తే 600 గజాలు, ఆ పైన ఉన్నవాటికే కంపల్సరీ. 600 గజాలు! మా గల్లీ మొత్తం కొలిచినా అంత ప్లాటు ఒక్కటి దొరకదు, మల్కాజిగిరి, మౌలాలి, బోరబండ, ఎక్కడ చూసినా 60 గజాలు, 100 గజాలు, మహా అంటే 200. నిజంగా కాలేది ఈ స్లాబుల కిందే. రిమోట్ మీద వారం రోజులు టీవీల్లో కొట్టుకున్నాం, ఈ 600 మీద ఒక్కళ్ళు నోరెత్తగా నేను చూడలేదు.

చివరికి ఓనర్ ఆంటీని బతిమాలి పైకి ఎక్కాను. "సున్నమేగా, ఎయ్యి, పైసలు మాత్రం నన్నడగకు బిడ్డా" అంది. సున్నంలో గమ్ము కలిపి బెడ్రూం పైన మాత్రం రెండు పూతలు వేశాను, హాలు పైన కావాలనే వదిలేశాను, పోల్చి చూడొచ్చని. కొత్త సున్నం ఎండలో ముప్పావు వంతు దాకా వెనక్కి కొడుతుంది, దుమ్ము పడేకొద్దీ తగ్గుతుంది, మన ఊరి దుమ్ము సంగతి తెలిసిందేగా, మధ్యలో ఒకసారి కడగాలి. నాలుగు రోజులాగి అదే మెకానిక్‌ని పిలిచి గన్ పెట్టించాను. అదే రాత్రి, అదే టైం, హాలు సీలింగ్ 40, బెడ్రూం 36. ఒక్క ఇంటి లెక్క, సైంటిఫిక్ స్టడీ అనను, కానీ ఇప్పుడు 27 పెట్టి ఫ్యాన్ వేస్తే సరిపోతోంది, ఫ్యాన్ గాలికి ఒంటికి ఇంకో రెండు డిగ్రీలు తక్కువ ఉన్నట్టే అనిపిస్తుంది.

మొన్న బావ వచ్చినప్పుడు మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా పైకి తీసుకెళ్ళా. తెల్లటి సగం మీద నిలబడి ఫోన్ మాట్లాడుతూ అలవాటుగా నాలుగడుగులు అటు నడిచాడు, బూడిదరంగు సగం మీద కాలు పడగానే "వామ్మో" అని ఎగిరి వెనక్కొచ్చాడు. కిందికి దిగేటప్పుడు మెట్ల మీద ఆగి అడిగాడు, ఆ సున్నం బస్తా ఎక్కడ దొరుకుతదిరా అని.