పళ్లెం మోగిస్తే తేలేది కాదు

పసిబిడ్డకు చెవులు వినపడుతున్నాయో లేదో చూసుకోవడానికి మన ఇళ్లలో ఎవరి పద్ధతి వాళ్లకుంటుంది. తల వెనక చేరి చప్పట్లు కొట్టేవాళ్లు కొందరు, స్టీలు పళ్లెం మీద గరిటెతో బాదేవాళ్లు కొందరు, తలుపు ధడాలున వేసి చూసేవాళ్లు కొందరు. బిడ్డ ఉలిక్కిపడితే చాలు, 'ఇంకేం, బ్రహ్మాండంగా వింటున్నాడు' అని తేల్చేస్తారు. ఆ తీర్పును నమ్మడానికి లేదు. చప్పట్లు కొడితే గాలి విసురు మెడకు తగులుతుంది. తలుపు వేస్తే మంచం అదురుతుంది, గోడ మీద నీడ కదులుతుంది. చెవులు బొత్తిగా పనిచేయని బిడ్డ కూడా వీటిలో దేనికైనా కదలొచ్చు. పైగా పళ్లెం మోత పెద్దది, అందులో బొంగురు నాదం నుంచి కీచు దాకా అన్నీ కలిసి ఉంటాయి. ఆ మోత వినబడి, మాటలోని స, శ లాంటి సన్నని ధ్వనులు మాత్రం వినబడని బిడ్డ ఈ పరీక్షలో ఫస్టు క్లాసులో పాసవుతుంది.

ఇది మన నానమ్మల అమాయకత్వమేమీ కాదు. 1960ల్లో అమెరికాలోని డెన్వర్‌లో మారియన్ డౌన్స్ అనే ఆడియాలజిస్టు (వినికిడి నిపుణురాలు) ఆసుపత్రుల్లో వేలమంది పసిపిల్లల మీద దాదాపు ఇదే పని చేసి చూసింది. పెద్ద శబ్దం వినిపించడం, బిడ్డ రెప్ప వేసిందా, కాళ్లు ముడిచిందా అని కనిపెట్టడం. ఒకరికి కనబడిన కదలిక పక్కనున్నవారికి కనబడలేదు. చివరికి ఈ పద్ధతి నమ్మదగ్గది కాదని తేలింది, ఆ మాట ఒప్పుకున్నవాళ్లలో ఆమె కూడా ఉంది.

బిడ్డ నోరు కూడా మనల్ని మోసం చేస్తుంది. వినబడని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊ కొడుతుంది, కేరింతలు కొడుతుంది, గట్టిగా ఏడుస్తుంది. తేడా కనబడేది ఏడెనిమిది నెలలు దాటాక, మిగతా పిల్లలు 'తాతాతా', 'బాబాబా' అంటూ అక్షరాలు దొర్లించే వేళకి. అప్పుడైనా ఎవరూ కంగారుపడరు. మగపిల్లలకు మాటలు ఆలస్యం అంటారు. వాళ్ల నాన్నకీ మూడో ఏడు దాకా మాట రాలేదంటారు. వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాస్తారు. వస మహిమ గురించి నాకు పేచీ లేదు గానీ, చెవిలోకి మాట వెళ్లనప్పుడు నాలిక మీద ఏం రాసి ఏం లాభం?

ఆసుపత్రుల్లో ఇప్పుడు చేసే పరీక్ష బిడ్డ ఉలిక్కిపాటుతో పని లేకుండా నేరుగా చెవినే అడుగుతుంది. దాని వెనకున్న సంగతి విచిత్రమైనది. ఆరోగ్యంగా ఉన్న చెవి వినడంతో ఊరుకోదు, సన్నగా చప్పుడు కూడా చేస్తుంది.

ఈ అనుమానం మొదట వచ్చింది థామస్ గోల్డ్‌కి, 1948లో, కేంబ్రిడ్జిలో. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ మీద పనిచేసి వచ్చిన యువకుడు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టలు తిరిగి ఉండే కాక్లియా నిండా ద్రవం ఉంటుంది. ద్రవంలో కంపనం చప్పున చల్లారిపోవాలి. మరి మనిషి రెండు స్వరాల మధ్య అంత సూక్ష్మమైన తేడాను ఎలా పట్టుకుంటున్నాడు? లోపల ఏదో ఆంప్లిఫయర్ ఉండి తీరాలన్నాడు గోల్డ్. అదే నిజమైతే పెళ్లి పందిట్లో మైకు కూత పెట్టినట్టు చెవి కూడా ఒక్కోసారి తనంతట తాను కూయాలి. ఆ కూతను పట్టుకోవాలని ప్రయత్నించాడు కూడా, అప్పటి మైక్రోఫోన్లతో దొరకలేదు. ఈ రంగంలో పెద్దాయన గేయార్గ్ ఫాన్ బెకెషీ. కాక్లియాలో కంపనాలు ఎలా ప్రయాణిస్తాయో శవాల చెవుల్లో చూసి చెప్పినందుకు ఆయనకు 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రాణం పోయిన చెవిలో ఆంప్లిఫయర్ ఎలా కనబడుతుంది? గోల్డ్ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ఖగోళశాస్త్రంలోకి వెళ్లిపోయాడు.

ముప్పై ఏళ్ల తర్వాత లండన్‌లో డేవిడ్ కెంప్ చెవి రంధ్రాన్ని గాలి చొరకుండా మూసి, లోపల ఒక చిన్న స్పీకరూ మంచి మైక్రోఫోనూ ఉంచాడు. 'టిక్' మనే చిన్న శబ్దం పంపాడు. శబ్దం ఆగిపోయాక, సెకనులో వెయ్యో వంతులు కొన్ని గడిచాక, లోపలి నుంచి చాలా సన్నని జవాబు వచ్చింది. వినికిడి పోయిన చెవిలో ఆ జవాబు లేదు. 1977లో కనుక్కున్న ఈ విషయాన్ని 1978లో ప్రచురించాడు. గోడకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని కాదది, కాక్లియా లోపలి కణాలు సొంతంగా పుట్టించిన ధ్వని.

ఆ కణాల్లో రెండు రకాలున్నాయి. లోపలి వరుసలో ఉన్న సుమారు 3,500 రోమకణాలు మెదడుకు కబురు పంపుతాయి. బయట మూడు వరుసల్లో దాదాపు 12,000 ఉన్నాయి. వాటి పని వేరు. శబ్దం రాగానే అవి ఆ లయలోనే పొట్టిగా పొడుగ్గా అవుతూ కంపనానికి ఊపునిస్తాయి. ఈ సాగడం ముడవడం సంగతిని విలియం బ్రౌనెల్ 1985లో కణాల మీదే చూపించాడు. దాన్ని నడిపించే ప్రోటీన్ ప్రెస్టిన్ 2000లో దొరికింది. ఆ ఊపులో కొంత వెనక్కి వచ్చి, మూడు బుల్లి ఎముకల మీదుగా కర్ణభేరిని కదిలించి చెవి రంధ్రంలోకి వినబడుతుంది. బయటి వరుస కణాలు దెబ్బతింటే అది రాదు. పుట్టుకతో వచ్చే చెవుడులో ఎక్కువ భాగం కాక్లియా లోపలి లోపమే కాబట్టి ఈ చిన్న జవాబు అంత పెద్ద ఆధారమైంది.

పురుటి వార్డులో 'ఓఏఈ' అని పిలిచే పరీక్ష ఇదే, యంత్రం చేతిలో ఇమిడిపోయేంత చిన్నదైంది. తల్లి బిడ్డకు పాలు పట్టి, భుజాన వేసుకుని తేన్పు తెప్పించి పడుకోబెట్టాక చేస్తారు. పరీక్ష చేసే అమ్మాయి బిడ్డ చెవి తమ్మెను కొంచెం వెనక్కీ కిందికీ లాగి, మెత్తటి రబ్బరు మొన ఉన్న గొట్టాన్ని రంధ్రంలో బిగుతుగా ఉంచుతుంది. తెర మీద రెండు రకాల గీతలు పెరుగుతుంటాయి, చెవి జవాబుకు ఒకటి, చుట్టుపక్కల రొదకు ఒకటి. జవాబు గీత రొద గీతను చాలినంత దాటితే 'పాస్'. మన వార్డుల్లో దానికి అడ్డుపడేది ఎక్కువగా ఈ రొదే. కిర్రుమనే సీలింగు ఫ్యాను, పక్క మంచం చుట్టాల ముచ్చట్లు, ఎవరిదో ఫోన్లో పాట. ఆఖరికి బిడ్డ పెదవులు చప్పరించినా, ముక్కు దిబ్బడేసి గురగురలాడినా గీత పైకి లేస్తుంది. అన్నీ కుదిరితే రెండు చెవులకూ కలిపి కొద్ది నిమిషాల పని. నొప్పి ఉండదు, నిద్రపోతున్న బిడ్డ చాలాసార్లు లేవను కూడా లేవదు.

యంత్రం 'రిఫర్' (మళ్లీ పరీక్షించాలి) అని చూపిస్తే బిడ్డకు చెవుడని అర్థం కాదు. పుట్టిన మొదటి రోజున చెవి రంధ్రంలో ఉమ్మనీరు, ఒంటిమీది తెల్లటి మైనం మిగిలి ఉంటాయి, జవాబు వాటిని దాటి రాలేదు. అందుకే ఒకరోజు గడిచాక చేయడం మేలు. స్నానం చేయించాక చెవిలో నూనె చుక్క వేసే అలవాటు కూడా రబ్బరు మొనను మూసేస్తుంది, ఆ అలవాటు వద్దని పిల్లల డాక్టర్లు మొదటి నుంచీ చెబుతున్నదే. లెక్క వేసి చూడండి. రెండు చెవులకూ చెప్పుకోదగ్గ వినికిడి లోపంతో పుట్టేది వెయ్యికి ఒకరి నుంచి ముగ్గురు. మొదటి పరీక్షలో నూటికి ఐదుగురికి రిఫర్ వచ్చిందనుకుందాం, అంటే వెయ్యిలో యాభై మంది. యాభైలో నలభై ఏడు నుంచి నలభై తొమ్మిది మంది దాకా చక్కగా వింటున్న పిల్లలే. ఈ సంగతి చెప్పకుండా తల్లి చేతిలో చీటీ పెడితే ఆమె గుండె జారిపోతుంది, లేదా 'మిషనే పాడైంది' అని ఇంట్లోవాళ్లు చీటీని చించేస్తారు. రెండూ జరిగేవే.

ఓఏఈకి కనబడనిది ఒకటుంది. బయటి కణాలు బాగానే ఉండి, లోపలి కణాల నుంచి మెదడుకు వెళ్లే నరం దారిలో లోపముంటే చెవి జవాబిస్తుంది, బిడ్డకు మాత్రం మాట అందదు. నెలలు నిండకుండా పుట్టి ఎస్‌ఎన్‌సీయూలో (పసికందుల ప్రత్యేక చికిత్స వార్డులో) ఉన్న పిల్లల్లో, తీవ్రమైన కామెర్లు వచ్చినవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్, అది హద్దు దాటితే ఆ దారిని దెబ్బతీస్తుంది. వీళ్లకు 'బెరా' పరీక్షే చేయాలి. నుదుటి మీద, చెవుల వెనక తీగలు అంటించి, దాదాపు 35 డెసిబెల్ టిక్ శబ్దాలు వేలకొద్దీ వినిపిస్తారు. మెదడు కాండం నుంచి వచ్చే సంకేతం ఒక వోల్టులో పది లక్షల వంతు కూడా ఉండదు. ఒక్కసారికి ఏమీ కనబడదు, వేలసార్లవి కలిపి సగటు తీస్తే రొద అణగిపోయి అల నిలబడుతుంది.

ఇంత హడావుడి పసికందుగా ఉన్నప్పుడే ఎందుకు? చెవి కంటే మెదడు తొందర ఎక్కువది కాబట్టి. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో కెనడాలో చేసిన ప్రయోగాల్లో హిందీలోని రెండు ధ్వనులను వాడారు, మన త, ట మధ్య ఉండే తేడాయే. ఇంగ్లిష్ ఇళ్లలో పెరిగే ఆరేడు నెలల పిల్లలు ఆ తేడాను ఇట్టే పట్టుకున్నారు. ఏడాది దగ్గరపడ్డ పిల్లలకు అది పోయింది, ఇంట్లో వినబడని తేడాను మెదడు వదిలేసింది. అసలు ఏ ధ్వనీ అందని మెదడు సంగతి ఊహించుకోండి. 1998లో అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం వినికిడి లోపమున్న పిల్లల్లో ఆరు నెలల లోపు బయటపడిన 72 మందినీ, ఆ తర్వాత బయటపడిన 78 మందినీ పోల్చింది. తొందరగా బయటపడి సాయం అందినవారి భాష స్పష్టంగా మెరుగ్గా ఉంది. లోపం తక్కువైనా ఎక్కువైనా అదే తీరు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం అనే లెక్కకు ఇలాంటి పరిశోధనలే బలం.

మేనరికాల మాట ఎత్తకుండా తెలుగునాట ఈ విషయం ముగించడం కుదరదు. పుట్టు చెవుడులో సగానికి పైగా జన్యువులవల్ల వచ్చేదే, అందులోనూ ఎక్కువ భాగం తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరో లోపపు ప్రతి వస్తేనే బయటపడేది. కనెక్సిన్ 26 అనే ప్రోటీన్ తాలూకు జన్యువు ఇందులో పేరుమోసినది. ఒకే తాత సంతానం పెళ్లాడితే ఇద్దరిలోనూ అదే ప్రతి ఉండే అవకాశం పెరుగుతుంది. తల్లిదండ్రులిద్దరికీ చెవులు భేషుగ్గా వినబడతాయి, అందుకే 'మా వంశంలో ఎవరికీ లేదే' అంటారు. వినికిడి లోపంతో పుట్టే పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా అలాంటి ఇళ్లలోనే పుడతారు. గర్భిణికి సోకే రుబెల్లా మరో కారణం. 2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడిపిల్లలకు వేసిన మీజిల్స్-రుబెల్లా టీకా దీన్ని తగ్గించడానికి కూడా.

లోపం ఖాయమైతే దారులున్నాయి. మూడు నెలల బిడ్డకైనా వినికిడి యంత్రం పెట్టొచ్చు. చెవి పెరిగేకొద్దీ యంత్రాన్ని చెవిలో పట్టి ఉంచే అచ్చు వదులై కూత పెడుతుంది, మొదటి ఏడాది దాన్ని మాటిమాటికీ మార్చాలి. యంత్రం చాలనంత లోపమైతే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి కాక్లియాలో అమర్చే పరికరం. ఉమ్మడి రాష్ట్రంలోనే ఆరోగ్యశ్రీ ఈ ఆపరేషన్‌కు డబ్బిచ్చింది. ఆపరేషన్ రోజు ఫొటోలు పేపర్లో పడతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగే స్పీచ్ థెరపీ, బ్యాటరీలు, తెగిపోయే తీగల ఖర్చు పడవు, కుటుంబాలు నలిగేది మాత్రం అక్కడే. ఇంకో మాట, బిడ్డకు కావలసింది భాష, అది చెవి ద్వారానే రావాలని లేదు. సైగల భాష మాట్లాడే బధిర తల్లిదండ్రులకు పుట్టిన బధిర పిల్లలు ఆ భాషను వేళకే నేర్చుకుంటారు. సైగలు నేర్పితే మాట రాదన్న భయం మన దగ్గర ఇంకా బలంగా ఉంది.

ఇక యంత్రాల సంగతి. పిల్లల్లో పుట్టు లోపాలనూ జబ్బులనూ ముందే పట్టుకోవడానికి కేంద్రం 2013లో మొదలుపెట్టిన ఆర్‌బీఎస్‌కే పథకంలో పుట్టు చెవుడు కూడా ఉంది, అలా బయటపడ్డ పిల్లలను చూడటానికే జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ కేంద్రాలు. బెరా సూత్రంతో చవకగా మన దేశంలోనే చేసిన 'సోహమ్' యంత్రాన్ని 2017లో అప్పటి కేంద్ర సహాయమంత్రి సుజనా చౌదరి విడుదల చేశారు. కొచ్చిలో పిల్లల డాక్టర్లు 2003లోనే ఇంకా తెలివైన పని చేశారు. ప్రతి ఆసుపత్రీ యంత్రం కొననక్కర్లేదని, ఒకే యంత్రంతో పరీక్ష చేసే మనిషిని రోజుకో ఆసుపత్రి చొప్పున తిప్పారు. రెండోసారి పరీక్షను టీకాకు వచ్చే రోజుతో కలిపారు.

నా ఉద్దేశంలో మనం తీసుకోవలసింది ఈ ఆఖరిదే. మొదటి పరీక్ష తేలిక, తల్లీబిడ్డా అక్కడే ఉంటారు. కష్టమంతా రెండోసారి రప్పించడంలో. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. రిఫర్ చీటీ ఇచ్చింది ఆ ఊరి ఆసుపత్రి. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డ అత్తగారింటికి వెళుతుంది, చీటీ పాత చీరల మధ్య పుట్టింట్లోనే ఉండిపోతుంది. ఆసుపత్రి దగ్గరున్న ఫోన్ నంబరు బిడ్డ తాతగారిది. కానీ టీకాల కార్డు మాత్రం తల్లితోపాటు ఎక్కడికైనా వెళుతుంది. ఆ కార్డులో బరువు రాసే చోటే వినికిడి ఫలితానికి కూడా ఒక గడి ఉండి, డిశ్చార్జి ముందు నర్సు దాన్ని నింపితే చాలు. ఆరో వారం పెంటావాలెంట్ ఏ ఊళ్లో వేయించినా, సూది తీయబోతున్న ఏఎన్ఎంకు 'కుడి చెవి, రిఫర్' అన్నది కనబడుతుంది, ఏ ఆసుపత్రికి పంపాలో ఆమే చెబుతుంది.