నవల చదివితే చరిత్ర వచ్చేసినట్టేనా? లైబ్రరీ కౌంటర్ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

మా లైబ్రరీ కౌంటర్ మీద రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉంటుంది. దానికి పురికొసతో కట్టిన పెన్ను. కట్టకపోతే సాయంత్రానికి ఉండదు. పుస్తకం తిరిగి ఇచ్చేవాళ్లు తోచింది అందులో రాసిపోతారు. వరంగల్ పక్కన చిన్న ఊరి లైబ్రరీ మాది. నేను ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి ఇది ఏడో నోట్‌బుక్. రీడింగ్ రూమ్ నిండా గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ ఉద్యోగాలకి చదువుకునే పిల్లలే. నవలల బీరువా దాకా వచ్చేవాళ్లు రోజుకి పది మంది ఉంటే గొప్ప. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది అడిగేవి మూడే రకాలు: మర్డర్ మిస్టరీ, సస్పెన్స్, రాజుల కథలు.

వాళ్లు రాసేవి చదివీ చదివీ నాకు ఒక్క వాక్యం మీద చిరాకు పట్టుకుంది. "రచయిత ఎంతో రీసెర్చ్ చేసి రాశారు." రాజుల నవల అయితే చాలు, రెండు అభిప్రాయాలకి ఒకటి ఇదే. ఆ సంగతి మీకెలా తెలిసిందండీ? గుర్రం పేరు చెప్పాడు, నగల పేర్లు చెప్పాడు, కోటకి ఎన్ని గుమ్మాలో లెక్క చెప్పాడు, కాబట్టి రీసెర్చ్ చేశాడు! అవన్నీ అరుగు మీద కూర్చుని కూడా రాయొచ్చు. లేనిదాన్ని ఉన్నట్టు నమ్మించడమే కదా నవలలు రాసేవాళ్ల పని. నమ్మించగలిగాడంటే బాగా రాశాడని అర్థం, అంతవరకే.

అపోహ: చారిత్రక నవల చదివితే చరిత్ర చదివినట్టే.

వాస్తవం: కాదు. దీని వల్ల ఎవరికీ నష్టం లేకపోతే నేనూ ఊరుకునేవాణ్ణి.

రెండేళ్ల కిందట గ్రూప్-2కి రెండోసారి చదువుతున్న ఒకమ్మాయి వచ్చింది. పాఠ్యపుస్తకం తెరిస్తే నిద్రొస్తోందని కాకతీయుల మీద పాత నవలలు మూడు పట్టుకెళ్లింది. ఇష్టంగా చదివింది, నోట్స్ కూడా రాసుకుంది. తర్వాత కోచింగ్ సెంటర్‌లో పెట్టిన టెస్టులో రుద్రమదేవి పాలన ఎప్పుడు ముగిసిందని అడిగితే 1296 అని పెట్టింది. కీలో 1289 ఉంది. ఆ ఒక్క మార్కు సంగతి అలా ఉంచండి, కీయే తప్పని అక్కడి సారుతో వాదించి నలుగురిలో చిన్నబోయి వచ్చింది. కౌంటర్ దగ్గర నిలబడి, "సార్, నవల ముందుమాటలో స్పష్టంగా ఉంది కదా సార్" అంటుంటే కళ్లలో నీళ్లు.

ముందుమాటలో ఉన్నది నిజమే. రాసినాయన అబద్ధమూ ఆడలేదు. ఒకప్పుడు చరిత్రకారులు కూడా రుద్రమ 1295-96 దాకా పాలించిందనే లెక్కేశారు. ఆ లెక్కని మార్చింది నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో దొరికిన ఒక శాసనం. దాన్ని వేయించినవాడు పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, తేదీ 1289 నవంబరు 27. కాకతి రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారనీ, వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నాననీ అందులో ఉంది. కాబట్టి ఆమె ఆ తేదీకి కాస్త ముందే పోయింది. శాసనం బయటపడ్డాక చరిత్ర పుస్తకాల్లో సంవత్సరం దిద్దుకున్నారు. అప్పటికే అచ్చయిపోయిన నవలని ఎవరు దిద్దుతారు? మా బీరువాలో అది ఇప్పటికీ 1296లోనే ఉంది.

ఇంకొకటి చూడండి. కాయస్థ సామంతుడు అంబదేవుడితో యుద్ధం చేస్తూ రుద్రమ నేలకొరిగిందని మనమంతా చెప్పుకుంటాం. చందుపట్ల రాయి మీద అంత కథ లేదు. రాణీ, సేనానీ ఒకేసారి పోయారంటే అది యుద్ధంలోనే అయి ఉంటుందని, ఆ రోజుల్లో ఎదురు తిరిగినవాడు అంబదేవుడు కాబట్టి అతనితోనే అయి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. మంచి ఊహే, నేనూ ఒప్పుకుంటాను. కానీ రాతి మీద ఉన్న మాట వేరు, దాన్నుంచి లాగిన ఊహ వేరు. ఆ ఊహ మీద నవలా రచయిత కట్టిన సంభాషణలు, చివరి చూపులు, రక్తం మరకలు మూడో సంగతి. చదివేవాళ్లకి మూడూ ఒకే కాగితం మీద, ఒకే అక్షరాల్లో కనపడతాయి. చిక్కంతా అక్కడే.

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. విని, నెమ్మదిగా, "కానీ సార్, ఇది చదవమని రాసింది మీరే కదా" అంది.

పాత నోట్‌బుక్‌లు నవలల బీరువా పక్కనే పెడతాను, ఏది తీసుకోవాలో తేల్చుకోలేనివాళ్లు తిరగేస్తారని. మూడో నోట్‌బుక్ తెచ్చి పేజీ తీసి చూపించింది. "ఈ నవల చదివితే కాకతీయుల చరిత్ర కోసం వేరే పుస్తకం అక్కర్లేదు." కింద సంతకం నాది. చేరిన కొత్తలో, ఒక్క రాత్రిలో నవల చదివేసిన ఊపులో రాసిన మాట. నా సంతకాన్ని చూసి నేను అంతగా సిగ్గుపడింది ఎప్పుడూ లేదు.

అప్పటి నుంచి ఈ విషయంలో నాకు నోరు కాస్త ఎక్కువైంది. మన్నించాలి.

గోన గన్నారెడ్డి సంగతే తీసుకోండి. అడవి బాపిరాజు గారి నవల వల్ల, తర్వాత 2015లో వచ్చిన సినిమా వల్ల ఆయన గజదొంగగా జనం మనసులో నిలిచిపోయాడు. "గన్నారెడ్డి దొంగతనాలు చేసిన ఊళ్ల లిస్టు దొరుకుతుందా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. మనిషి నిజంగా ఉన్నవాడే. 1294 నాటి రాయచూరు కోట శాసనంలో పేరుంది. ఆయన దగ్గరి విఠలనాథుడు కోటలు గెలిచి అక్కడ గోడ కట్టించాడని ఆ పొడుగాటి రాయి చెబుతుంది. దారిదోపిడీ ఊసు అందులో లేదు. గజదొంగతనం కథ కోసం చేసుకున్నది. దాని వల్ల నవల విలువ తగ్గిందా? వీసమెత్తు తగ్గలేదు. నేను మూడుసార్లు చదివాను.

చూసినవాడు రాసిందే సత్యం అనుకోవడానికీ లేదు. ఆ కాలంలోనే మన తీరం గురించి రాసిన మార్కోపోలో, మోటుపల్లి రాజ్యాన్ని ఏలుతున్న రాణిని చనిపోయిన రాజుగారి భార్య అని రాసిపెట్టాడు. ఆ రాణి మన రుద్రమే, ఆ రాజు గణపతిదేవుడికి కూతురు. భర్త నిడదవోలు చాళుక్యుల వీరభద్రుడు. ఇక మన శాసనాలేమో చాలాచోట్ల ఆమెని రుద్రదేవ మహారాజు అని మగపేరుతోనే పిలుస్తాయి. రాతికీ రాతకీ ఇన్ని పేచీలున్నచోట నవల మీద మాత్రం మనకి గుడ్డి నమ్మకం.

చారిత్రక నవలలు దండగ అని నేనంటున్నట్టు ఎవరో మొన్న నోట్‌బుక్‌లో రాశారు. అయ్యో, కానే కాదు. చరిత్ర నోరు మూసుకున్నచోట నవల నోరు తెరుస్తుంది, నాకు ఇష్టమైనవి ఆ చోట్లే. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి చావు చూడండి. 1323లో ఓరుగల్లు పడిపోయింది, ఆయన్ని ఢిల్లీకి తీసుకుపోతున్నారు. దారిలో నర్మద ఒడ్డున పోయాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతుంది. వందేళ్లకి, 1423లో, రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం తన ఇష్టప్రకారమే స్వర్గానికి వెళ్లాడంటుంది. ఇష్టప్రకారం అంటే? ప్రాణం తీసుకున్నాడా? ఎవరైనా సాయం చేశారా? కావలివాళ్లు ఏం చేస్తున్నారు? ఇంతకు మించిన సస్పెన్స్ ఏ నవలలో ఉందో చెప్పండి. నవలా రచయిత దూరేది ఆ సందులోనే. దూరనివ్వండి. "ఇదే జరిగింది" అని మాత్రం నోట్‌బుక్‌లో రాయకండి.

రీసెర్చ్ చేశాడా లేదా అన్నది నేను చూసే పద్ధతి ఒకటుంది. పుస్తకం చివరి పేజీలకి వెళ్తాను. ఇది శాసనంలో ఉంది, ఇది నా కల్పన, ఈ పాత్ర అసలు లేనే లేదు అని రచయిత అక్కడ ఒప్పుకుంటే ఆయన మీద నమ్మకం పెరుగుతుంది. ఈ మధ్య కొందరు అలా రాస్తున్నారు, సంతోషం. కృతజ్ఞతల్లో పది మంది పేర్లు వేసి ఊరుకుంటే ఏ సంగతీ తేలదు.

అపోహ: మనిషి కనపడకపోతే 24 గంటలు ఆగాకే ఫిర్యాదు తీసుకుంటారు.

ఇది లైబ్రరీవాడు చెప్పాల్సిన సంగతా అనకండి. ఈ మాట జనంలోకి వచ్చింది సస్పెన్స్ కథల్లోంచి, సినిమాల్లోంచే. మార్కులు పోతే మళ్లీ రాసుకోవచ్చు, ఇది అలాంటిది కాదు. వారానికి మూడు సస్పెన్స్ నవలలు పట్టుకెళ్లే ఒకాయన ఉన్నాడు మాకు. వాళ్లమ్మకి మతిమరుపు. ఒక సాయంత్రం ఇంట్లోంచి బయటికెళ్లి తిరిగి రాలేదు. ఈయన రాత్రంతా వీధులన్నీ వెతికాడు గానీ స్టేషన్ గడప తొక్కలేదు. "ఒక రోజు గడవందే తీసుకోరు కదా" అట! ఎక్కడ విన్నావయ్యా అంటే చెప్పలేడు. మర్నాడు పక్క ఊరి గుడి మెట్ల మీద దొరికింది ఆమె, కాళ్లు వాచిపోయి.

వాస్తవం: చట్టంలో అలాంటి గడువు ఎక్కడా లేదు. కనపడట్లేదని తెలిసిన నిమిషంలోనే 112కి ఫోన్ చేయొచ్చు, స్టేషన్‌కి వెళ్లొచ్చు. తప్పిపోయింది పిల్లలైతే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. పిల్లల కోసం 1098 కూడా ఉంది. కథలో ఇన్‌స్పెక్టర్ "రేపు రండి" అంటే టెన్షన్ పెరుగుతుందని రచయిత అలా అనిపిస్తాడు. మీ అమ్మ కోసం వెతికేటప్పుడు ఆ ఇన్‌స్పెక్టర్ మాట వినకండి.

తమాషా ఏమిటంటే, తప్పుని ఇంత సులువుగా నమ్మే పాఠకులే నిజం కనపడితే తప్పు పడతారు. ఈ మధ్య వచ్చిన ఒక మర్డర్ మిస్టరీ గురించి ఒకాయన ఎర్ర ఇంకుతో రాశాడు: "హత్య కేసు సెక్షన్ 302 అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. 103 అని రాశాడు. ఆ మాత్రం తెలియనివాడు క్రైమ్ నవల ఎందుకు రాయాలి?" కథ 2025లో జరుగుతుంది. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో హత్యకి శిక్ష 103వ సెక్షనే. అలాగే 1905లో జరిగే కథలో వేలిముద్రలు ఉన్నాయని ఒకావిడ, "ఇంగ్లీషు సీరియళ్లు చూసి కాపీ కొట్టారు" అని రాసింది. అమ్మా, వేలిముద్రల కార్యాలయం 1897లోనే కలకత్తాలో పెట్టారు. ముద్రల్ని వర్గాలుగా విడదీసే లెక్కని కుదిర్చినవాళ్లలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అని ఇద్దరు మనవాళ్లే. కాపీ కొడితే వాళ్లే మన దగ్గర కొట్టాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను, ఐదున్నరకి తాళం వేయాలి.

స్టేషన్‌లో నిందితుడు నేరం ఒప్పుకున్నాడు కాబట్టి కథ కంచికి అన్నది తప్పు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో అతని మీద సాక్ష్యంగా నిలవదు. ఆ మెలిక తెలిసిన రచయితకి అసలు కథ అక్కడే మొదలవుతుంది.

డిటెక్టివ్ నవలలు చదివితే పిల్లలు చెడిపోతారని ఇప్పటికీ తల్లిదండ్రులు వచ్చి చెబుతుంటారు. ఆ పిల్లల చేతిలో ఫోన్ ఉందో లేదో చూసి నవ్వుకుని ఊరుకుంటాను.

హంతకుడెవరో ముందే తెలిస్తే ఇక చదవడం దండగ అన్నది ఇంకొకటి. మా దగ్గర ఒక పాత డిటెక్టివ్ నవల ఉంది. ఏ పుణ్యాత్ముడో మూడో పేజీలోనే హంతకుడి పేరు పెన్సిల్‌తో రాసి గుండ్రంగా సున్నా చుట్టాడు. నేను రబ్బరుతో చెరిపాను, ఒత్తి రాశాడేమో అచ్చు పోలేదు. అయినా దాని డ్యూ స్లిప్ నిండిపోయి రెండోది అతికించాను. చదివినవాళ్లని అడిగితే, "వాడే చంపాడని తెలుసు సార్, ఎలా దొరుకుతాడా అని చదివాను" అన్నారు. అలాగని చివరి పేజీలు చించుకుపోయేవాళ్లని క్షమిస్తానని కాదు. ఈ ఏడాది రెండు పుస్తకాలు పోయాయి అలా.

ఆ గ్రూప్-2 అమ్మాయికి తర్వాత వేరే ఉద్యోగం వచ్చింది, వరంగల్‌లోనే ఉంటోంది. మూడో నోట్‌బుక్‌లో నా మాటని కొట్టేయలేదు, అలాగే ఉంచాను. దాని కింద "1289, చందుపట్ల శాసనం చూడండి" అని రాశాను. శాసనంలో ఏముందో కాగితం మీద రాసి నవల వెనక అట్ట లోపలి వైపు అతికించాను. ఆ తర్వాత దాన్ని మొదట తీసుకెళ్లింది మా ఊరి రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారు. పది రోజులకి తెచ్చిచ్చి, పురికొస పెన్ను అందుకుని రాశారు: "శాసనం కూడా చదివితిని. నవలయే బాగున్నది."