పేరు లేని కౌబాయ్ ఎవరి సొత్తు?

'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్'ని ఇంగ్లీషులో మళ్లీ తీయబోతున్నారన్న వార్త 2024లో బయటికొచ్చింది. అప్పటినుంచీ పాత కౌబాయ్ సినిమాల అభిమానులకు ఒకటే టెన్షన్. క్లింట్ ఈస్ట్‌వుడ్ వేసిన పాత్రలో ఇంకొకరిని ఎలా చూడాలని కొందరి బాధ. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి వేరే ఉంది. ఇది ఒక సినిమాకి రీమేకా, రీమేక్‌కి మళ్లీ రీమేకా? ఆ పాత్ర ఆ సినిమా తీసిన ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనేదా, ఈస్ట్‌వుడ్‌దా, లేక 1961లోనే దాన్ని తెర మీద నడిపించిన జపాన్ దర్శకుడు అకిరా కురొసావాదా?

భుజాల మీద పోంచో అనే దుప్పటి, పళ్ల మధ్య పొట్టి చుట్ట, ఎండకు చికిలించిన కళ్లు. ఆ రూపం తెలియనివాళ్లు తక్కువ. ఇటలీవాళ్లు స్పెయిన్ వెళ్లి అమెరికా కథలు ఎందుకు తీశారన్నది చాలాసార్లు చెప్పుకున్నదే. ఇవాళ్టి గొడవ అర్థం కావడానికి అదంతా అక్కర్లేదు. ఒక ఉత్తరం గురించి తెలిస్తే చాలు.

లియోనే సినిమా 1964లో ఇటలీలో విడుదలై విపరీతంగా ఆడింది. ఆ తర్వాత జపాన్ నుంచి ఆయనకు కురొసావా ఉత్తరం వచ్చింది. సారాంశం ఇది: మీ సినిమా చూశాను, చాలా బాగుంది, కానీ అది నా సినిమా. రచనల హక్కులను కాపాడే బెర్న్ ఒప్పందంలో జపాన్ కూడా ఉంది కాబట్టి మీరు నాకు డబ్బు చెల్లించాలి. తాను ఆరాధించే దర్శకుడు తన సినిమాని మెచ్చుకున్నాడని లియోనే ఆ ఉత్తరం చూసి పొంగిపోయాడని చెబుతారు. పొగడ్త పక్కనే ఉన్న రెండో మాట నిర్మాతలకు మాత్రం గుండెల్లో రాయి పడేలా చేసింది.

కురొసావా కోపం ఉత్తి అనుమానం కాదు. ఆయన 1961లో తీసిన 'యొజింబో'ని, లియోనే సినిమాని ఒకే రోజు వరసగా చూడండి. రెండింట్లోనూ ఊరూ పేరూ తెలియని ఒక యోధుడు గాలికి తిరుగుతూ ఒక ఊరికొస్తాడు. ఆ ఊళ్లో రెండు ముఠాలు. వాడు ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుని, ఒకరి మీద ఒకరిని ఉసిగొల్పుతాడు. మధ్యలో ఒక తల్లిని ఆమె కుటుంబంతో కలిపి రహస్యంగా పంపించేస్తాడు. ఆ సంగతి బయటపడి చావుదెబ్బలు తింటాడు. శవపేటికలో దాక్కుని ఊరు దాటి, కోలుకుని, చివరి పోరాటానికి తిరిగొస్తాడు. శవపేటికలు చేసేవాడు ఇక్కడా ఉన్నాడు, అక్కడా ఉన్నాడు. ఎన్ని పెట్టెలు కావాలో ముందు ఒక లెక్క చెప్పి, గొడవ అయ్యాక ఆ లెక్క పెంచే హాస్యం కూడా రెండు చోట్లా ఉంది. జపాన్ సినిమాలో అందరి చేతుల్లో కత్తులుంటే ప్రతినాయకుడి దగ్గర పిస్తోలు ఉంటుంది. ఇటలీ సినిమాలో అందరి దగ్గరా పిస్తోళ్లుంటే వాడి చేతికి రైఫిల్ వచ్చింది. ఇంత దగ్గర పోలికని యాదృచ్ఛికం అనడానికి మనసొప్పదు. ఈస్ట్‌వుడ్ కూడా స్క్రిప్టు చదువుతూనే ఇది 'యొజింబో' అని గుర్తుపట్టినట్టు తర్వాత తానే చెప్పాడు.

ఆ రోజుల్లో హక్కులు కొనే పద్ధతి తెలియదా అంటే, తెలుసు. కేవలం 4 ఏళ్ల ముందు, 1960లో, జాన్ స్టర్జెస్ 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్' తీశాడు. కురొసావా 1954లో తీసిన 'సెవెన్ సమురాయ్' కథకి అది కౌబాయ్ రూపం. హక్కులు కొన్నారు, ఎక్కడి కథో టైటిల్స్‌లో చెప్పారు. జపాన్ కథని అమెరికా ఎడారిలోకి తీసుకెళ్లడంలో తప్పేమీ లేదని, అడిగి తీసుకెళ్లాలని అప్పటికే ఒక దారి పడి ఉంది. లియోనే నిర్మాతలైన జాలీ ఫిల్మ్ వాళ్లు ఆ దారిలో నడవలేదు. హక్కుల సంగతి నిర్మాతలు చూసుకోవాల్సిందని లియోనే తర్వాత అన్నాడు. తన వైపు తప్పు అంతవరకే అన్నట్టు.

గొడవ చివరికి కోర్టు బయట తెగింది. ప్రపంచవ్యాప్త వసూళ్లలో 15 శాతం కురొసావా పక్షానికి. జపాన్, తైవాన్, దక్షిణ కొరియాల్లో పంపిణీ హక్కులు కూడా వాళ్లకే. ఈ తగువు వల్లే సినిమా అమెరికా ప్రేక్షకుడిని చేరడానికి 1967 జనవరి దాకా పట్టింది. సొంత సినిమా మీద వచ్చినదాని కంటే ఈ వాటా మీదే కురొసావాకి ఎక్కువ డబ్బు వచ్చిందని సినిమావాళ్లు చెప్పుకుంటారు. ఈ డబ్బులో హక్కున్న రెండో మనిషిని మాత్రం ఎవరూ తలచుకోరు. ఆయన ర్యూజో కికుషిమా. 'యొజింబో' కథని కురొసావాతో కలిసి రాసిన రచయిత. దర్శకుల మధ్య గొడవగా చెప్పుకునే కథల్లో రచయిత ఎప్పుడూ ఇలాగే పక్కకి పోతాడు.

లియోనే వైపు వాదన కూడా ఉంది. ఇద్దరు యజమానులకు ఒకేసారి పనిచేసే సేవకుడి కథని 18వ శతాబ్దంలోనే ఇటలీ నాటకకర్త గోల్డోని రాశాడని, తాను దాన్ని ఇంటికి తిరిగి తెచ్చానని ఆయన అనేవాడు. 1929లో వచ్చిన డాషియెల్ హామెట్ నవల 'రెడ్ హార్వెస్ట్'ని కూడా చూపించేవాడు. అందులోనూ ముఠాలని ఒకదానిమీద ఒకదాన్ని ఎగదోసే డిటెక్టివ్ ఉన్నాడు, అతనికీ పేరు లేదు. ఈ మాటలో కొంత నిజముంది. కానీ గోల్డోని నాటకంలో శవపేటికల లెక్క లేదు, హామెట్ నవలలో పెట్టెలో పడుకుని ఊరు దాటడం లేదు. కురొసావాకి హామెట్ రచనల ప్రభావం ఉంటే ఉండొచ్చు. లియోనే ముందున్నది మాత్రం కురొసావా సినిమానే.

ఇక పేరు సంగతి. ఈస్ట్‌వుడ్ వేసింది 'పేరు లేని మనిషి' పాత్ర అని అందరూ అంటారు. లియోనే అతనితో తీసిన మూడు సినిమాలు చూస్తే అలా ఉండదు. మొదటి దాంట్లో శవపేటికలవాడు అతన్ని 'జో' అని పిలుస్తాడు. 1965లో వచ్చిన రెండో దాంట్లో మాంకో. 1966 నాటి 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'లో బ్లాండీ. మూడూ ముద్దుపేర్లే అనుకోండి. 'పేరు లేని మనిషి' అన్నది అమెరికాలో ఈ సినిమాలని 1967లో వరసగా విడుదల చేసిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ వాళ్ల ప్రచార మాట. మూడింటినీ ఒకే మనిషి కథగా అమ్మడానికి పోస్టర్ కోసం పుట్టిన మాట.

నిజంగా పేరు దాచుకున్నవాడు 'యొజింబో'లో ఉన్నాడు. నీ పేరేంటి అని అడిగితే ఆ వేషం వేసిన తొషిరో మిఫ్యూనే కిటికీలోంచి బయటికి చూస్తాడు. అక్కడ మల్బరీ తోట. కువాబతాకె సంజురో అంటాడు. మల్బరీ తోట, ముప్పై ఏళ్లవాడు అని అర్థం. వెంటనే, నిజానికి నలభైకి దగ్గర పడుతున్నాననుకోండి, అని కలుపుతాడు. కళ్ల ముందు ఏది కనబడితే దాన్నే పేరుగా తగిలించుకునే మనిషి. ఆ ఒక్క సన్నివేశంలో ఉన్న తేలికదనం, లోపల దాచుకున్న బరువు లియోనే మూడు సినిమాల్లోనూ నాకు దొరకలేదు.

అలాగని ఈస్ట్‌వుడ్ చేసినదాన్ని తక్కువ చేయడం లేదు. అప్పటికి అతను 'రాహైడ్' అనే టీవీ సీరియల్‌లో మంచి కుర్రాడి వేషం వేస్తున్న నటుడు. 15 వేల డాలర్ల పారితోషికానికి స్పెయిన్ వెళ్లాడు. నల్ల జీన్స్ తానే కొనుక్కున్నాడు, 'రాహైడ్'లో వాడిన పిస్తోలు పిడి వెంట తీసుకెళ్లాడు. తన డైలాగులు తానే కొట్టేయించుకున్నాడు. పొగతాగే అలవాటే లేని మనిషి ఆ చేదు చుట్టలు నోట్లో పెట్టుకునేసరికి ముఖం దానంతటదే చిరాగ్గా మారేదట. మిఫ్యూనే భుజాలు ఎగరేస్తూ, మెడ గోక్కుంటూ తిరిగితే, ఈస్ట్‌వుడ్ కదలకుండా నిలబడ్డాడు. ఆ నిలబడటం అతని సొంతం.

దాని మీద కూడా కోర్టుకెళ్లారు. లియోనే జాలీ ఫిల్మ్‌తో తెగదెంపులు చేసుకుని, రెండో సినిమాని అల్బెర్తో గ్రిమాల్ది నిర్మాణంలో తీశాడు. అదే పోంచో, అదే టోపీ, అదే చుట్ట. మా పాత్రని ఎత్తుకుపోయారని జాలీ ఫిల్మ్ దావా వేసింది. కురొసావా కథని అడగకుండా వాడుకున్న సంస్థే ఈసారి వేషాన్ని దొంగిలించారని ఫిర్యాదు చేసింది. ఇటలీ కోర్టు ఒప్పుకోలేదు. తుపాకీ పట్టిన ఒంటరివాడి బట్టలు, తీరూ కౌబాయ్ కథల జానపదంలో భాగం, అవి ఏ ఒక్కరి సొత్తూ కాదంది. ఈ రెండు తగువులూ పక్కపక్కన పెడితే ఒక గీత కనిపిస్తుంది. వేషం ఊరందరిదీ. సంఘటనల అల్లిక రాసినవాడిది.

ఈ గీత మనకీ కొత్త కాదు. 1971లో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' తీసినప్పుడు పద్మాలయా వాళ్లు గుర్రాలతో రాజస్థాన్ ఎడారికి వెళ్లారు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, రచన ఆరుద్ర. లియోనే మూడో సినిమా ప్రభావం దాని మీద ఎంతుందో దాచిపెట్టిన సంగతి కాదు. అయినా నిధి వేటని ఆరుద్ర తెలుగు నేల కథగా మలిచాడు, టోపీ చుట్ట మాత్రం అలాగే ఉన్నాయి. దేశంలో తొలి కౌబాయ్ సినిమాగా పేరు తెచ్చుకుంది. 2023 మే 31న, కృష్ణ జయంతి నాడు, 4కెలో మళ్లీ విడుదల చేస్తే జనం ఈలలు వేసి చూశారు. వాళ్లు చూడటానికి వెళ్లింది ఈస్ట్‌వుడ్‌ని కాదు, కృష్ణని. వేషం అందరిదీ అయితే జరిగేది ఇదే.

1970లలో అమెరికాలో ఏబీసీ టీవీ 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్'ని ప్రసారం చేసేటప్పుడు దానికి ముందు కొన్ని నిమిషాల కొత్త సన్నివేశం అతికించింది. అందులో జైలు అధికారిగా హ్యారీ డీన్ స్టాంటన్, ముఖం సరిగా కనిపించకుండా ఈస్ట్‌వుడ్‌కి డూప్. ఆ ఊరి ముఠాలని అణిస్తే నీకు క్షమాభిక్ష అని అధికారి ఒప్పందం చెబుతాడు. డబ్బు కోసం చంపేవాడు కథానాయకుడైతే టీవీ చూసే ఇంటిల్లిపాదికీ మంచిది కాదని భయపడి, ప్రభుత్వం పంపిన మనిషిగా మార్చారు. లియోనేని అడగలేదు. కురొసావా విషయంలో తాను పట్టించుకోని గౌరవం ఈసారి లియోనేకీ దక్కలేదు. ఎవరికి జరిగినా అది అన్యాయమే.

అడిగి తీసుకోవడం తర్వాత కాలంలో జరిగింది కూడా. 1996లో వాల్టర్ హిల్ ఇదే కథని టెక్సస్‌లోని ఒక చిన్న ఊరికి, మద్యనిషేధం రోజులకి తీసుకెళ్లి 'లాస్ట్ మ్యాన్ స్టాండింగ్' తీశాడు. బ్రూస్ విల్లిస్ ఊళ్లోకి వచ్చి పేరడిగితే జాన్ స్మిత్ అంటాడు. మల్బరీ తోట లాంటి పేరే అది కూడా. ఆ సినిమా టైటిల్స్‌లో మూలకథ ఎవరిదో రాసి ఉంది: ర్యూజో కికుషిమా, అకిరా కురొసావా. కొత్త రీమేక్ వచ్చిన రోజు నేను ముందుగా వెతికేది ఆ రెండు పేర్లనే, అదీ ఆ వరసలోనే.