కేబుల్, వైఫై ఒకేసారి వాడటం: అపోహలు - వాస్తవాలు

చిన్న ఆఫీసులకీ, ల్యాబులకీ, సీసీ కెమెరాలు బిగించేవాళ్లకీ నెట్‌వర్క్ పనులు చేసిపెడుతుంటాను. ఒకే కంప్యూటర్‌కి కేబుల్, వైఫై రెండూ పెడితే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. తలా ఒక మాట చెప్తారు, పాపం విన్నవాళ్లేమో కేబుల్ పీకుతూ, వైఫై ఆన్ చేస్తూ రోజంతా అవస్థ పడుతుంటారు.

అపోహ: రెండూ కలిపితే స్పీడ్ డబుల్.

అవ్వదు. ఇంట్లో కేబులూ వైఫై రెండూ ఒకే రౌటర్ నుంచి వస్తుంటే వెనకున్న ఫైబర్ లైన్ ఒక్కటే కదా, 100 ఎంబీపీఎస్ ప్లాన్ 100 గానే ఉంటుంది. కేబుల్ ఒక లైన్‌ది, వైఫై ఫోన్ హాట్‌స్పాట్‌ది అయినా సరే, విండోస్ తనంతట తాను ఒక డౌన్‌లోడ్‌ని రెండు లైన్ల మీద పంచదు. అవతలి సర్వర్ మిమ్మల్ని గుర్తుపట్టేది ఐపీ అడ్రస్‌తో (నెట్‌వర్క్‌లో మీకుండే నంబర్) కాబట్టి, ఏ లైన్ మీద మొదలైన కనెక్షన్ ఆ లైన్ మీదే పూర్తవ్వాలి. ఒకే కనెక్షన్‌ని రెండు లైన్ల మీద నడపడం కోసమే మల్టీపాత్ టీసీపీ అని ఒక పద్ధతి వచ్చింది, ఆపిల్ 2013లోనే సిరి కోసం వాడింది, 2020లో లినక్స్ కెర్నల్‌లోకీ చేరింది, కానీ అవతలి సర్వర్‌లో కూడా అది ఉంటేనే పని జరుగుతుంది. ఆఫీసు స్విచ్‌ల్లో చేసే లింక్ అగ్రిగేషన్ (రెండు మూడు పోర్టుల్ని ఒక్కటిగా కలపడం) ఈథర్నెట్, అంటే కేబుల్ పోర్టులకే, వైఫైని అందులో కలపలేం.

అపోహ: రెండూ ఉంటే క్లాష్ అవుతాయి, ఒకటి ఆపెయ్యాల్సిందే.

ఎక్కువమందిని ఇబ్బంది పెడుతున్నది ఇదే. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో route print అని కొట్టి చూడండి. 0.0.0.0 తో మొదలయ్యే వరసలు, అంటే ఇంటర్నెట్‌కి పోయే దారులు, రెండు కనిపిస్తాయి, చివర్లో మెట్రిక్ అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎవరికి తక్కువుంటే ఇంటర్నెట్ అటు పోతుంది. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) కేబుల్‌కి మామూలుగా 25, వైఫైకి అంతకన్నా ఎక్కువ.

ఇప్పుడు బయోమెట్రిక్ అటెండెన్స్ మెషీన్ సంగతి తీసుకుందాం. దాని ఐపీ 192.168.1.201, దాన్ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపారు, ఇంటర్నెట్ మాత్రం ఫోన్ హాట్‌స్పాట్ నుంచి రావాలి. కేబుల్ అడాప్టర్‌కి 192.168.1.50 ఇవ్వండి, మాస్క్ 255.255.255.0, డిఫాల్ట్ గేట్‌వే (ఇంటర్నెట్‌కి దారి ఇచ్చే రౌటర్ అడ్రస్) గడి ఖాళీగా వదిలెయ్యండి. అంతే, మెషీన్ కేబుల్ మీద దొరుకుతుంది, మిగతాదంతా హాట్‌స్పాట్ మీద పోతుంది. ఆ గడిలో ఏదో ఒకటి నింపాలి కదా అని 192.168.1.1 కొట్టారంటే, విండోస్‌కి ఇంటర్నెట్‌కి రెండు దారులు కనిపిస్తాయి, కేబుల్ వైపు మెట్రిక్ తక్కువైతే ఇంటర్నెట్‌ని కూడా అటే పంపుతుంది, అక్కడ నెట్ లేదు, ఏ పేజీ తెరుచుకోదు. క్లాష్ అని అందరూ అనేది దీన్నే.

ఒక్క చోట మాత్రం నిజంగానే చిక్కొస్తుంది, వైఫై ఇచ్చే రౌటర్ కూడా 192.168.1 తో మొదలయ్యే అడ్రస్‌ల సిరీస్‌లోనే ఉన్నప్పుడు. ఒకే సిరీస్ రెండు వైపులా కనిపిస్తే విండోస్ మెట్రిక్ తక్కువున్న వైపే వెతుకుతుంది, అవతల ఉన్న ప్రింటర్ దొరకదు. రౌటర్ సిరీస్‌ని 192.168.10 కి మార్చేస్తే గొడవ ఉండదు.

అపోహ: కేబుల్ గుచ్చితే నెట్ కేబుల్ మీదే పోతుంది.

అన్నిసార్లూ కాదు. విండోస్ లింక్ స్పీడ్‌ని చూసి మెట్రిక్ ఇస్తుంది. గిగాబిట్‌కి కేబుల్లోని ఎనిమిది తీగలూ సరిగ్గా పడాలి, 100 ఎంబీపీఎస్‌కి నాలుగు చాలు. క్రింపింగ్‌లో (కేబుల్ చివర కనెక్టర్ బిగించేటప్పుడు) ఒక తీగ సరిగ్గా దిగకపోయినా లింక్ 100కి పడిపోవచ్చు, పక్కనే వైఫై 866 ఎంబీపీఎస్ చూపిస్తుంటే గెలిచేది వైఫైయే. పైకి కేబుల్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అడాప్టర్ స్టేటస్‌లో స్పీడ్ చూడండి, 100 ఉంటే ముందు కొత్త కనెక్టర్ వేసి మళ్లీ క్రింప్ చేయించండి. కచ్చితంగా కేబులే కావాలంటే ఐపీవీ4 అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ మెట్రిక్ టిక్ తీసేసి 10 ఇవ్వొచ్చు. మ్యాక్‌లో అయితే సర్వీస్ ఆర్డర్‌లో ఈథర్నెట్‌ని పైకి లాగితే సరిపోతుంది.

అపోహ: కేబుల్ పెట్టగానే వైఫై పోయిందంటే కార్డు పాడైనట్టే.

కార్డు మార్చకండి. కేబుల్‌లో నెట్ ఉంటే విండోస్ వైఫైని తనంతట తాను కలపదు, మీరే నొక్కి కలిపితే ఉంటుంది. అప్పటికీ తెగిపోతుంటే బయాస్‌లోనో (విండోస్ కన్నా ముందు వచ్చే కంప్యూటర్ సెట్టింగ్స్), కంపెనీ పెట్టిన పాలసీలోనో ఆపేసి ఉంటారు.

అపోహ: ఆఫీసు కేబుల్ ఉండగా పక్కన నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు.

ఉంది. ఆఫీసు నెట్‌వర్క్‌కి బయటి దాడుల్ని ఆపే ఫైర్‌వాల్ ఉంటుంది, మీ హాట్‌స్పాట్‌కి ఆ కాపలా ఉండదు. అటునుంచి మీ సిస్టమ్‌లోకి వైరస్ వస్తే కేబుల్ మీదుగా లోపలి సర్వర్ల దాకా పోగలదు, పైన చెప్పిన పాలసీలు పెట్టేది అందుకే. ఇంట్లో, సొంత షాపులో మీ ఇష్టం, ఆఫీసు సిస్టమ్‌లో మాత్రం ఐటీ వాళ్లని అడక్కుండా హాట్‌స్పాట్ కలపొద్దు.