వేలు జారుతుంటే స్వరం ఎందుకు దూకుతుంది?

స్పర్శ పలకను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి, ప్యూర్ డేటాలో షడ్జం నుంచి పై షడ్జానికి జారు పలికించబోతే స్వరం మెట్లెక్కుతున్నట్టు వినిపిస్తోందని ఒక పాఠకుడు రాశారు. మంచి తీగ కొనాలా అనీ అడిగారు. అక్కర్లేదు. ఖరీదైన తీగ స్వరాన్ని నునుపు చేస్తుందన్నది వట్టి మూఢనమ్మకం. అందులో వెళ్లేవి అంకెలే.

మిల్లర్ పకెట్ 1990లలో రూపొందించిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరమీది పెట్టెలను గీతలతో కలుపుతూ పోతే సంగీతం పుడుతుంది. వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష మిడి. ఆ మిడి సెట్టింగుల్లో పలకను ఎంచుకుని ‘సీటీఎల్ఇన్’ పెట్టె పెడితే వేలి కదలిక అంకెలుగా వచ్చేస్తుంది. కలపడం అంతే. చిక్కంతా ఆ అంకెల్లోనే ఉంది.

1983లో వచ్చిన మిడిలో మామూలు కంట్రోలర్ విలువకు 7 బిట్లే, అంటే 0 నుంచి 127 వరకే. వేలు ఎంత నెమ్మదిగా జారినా మధ్యలో ఇంకేమీ లేదు. ఒక స్థాయిని 1200 సెంట్లుగా లెక్కిస్తే ఒక్కో మెట్టు 9.4 సెంట్లు. అదే పలకపై మూడు స్థాయిలు పరిస్తే 28 సెంట్లు, అర్ధస్వరంలో (100 సెంట్లు) పావు కంటే ఎక్కువ! గమకానికి అలవాటుపడిన చెవి దీన్ని క్షమించదు. స్వరాన్ని వంచే మిడి సందేశమైన పిచ్ బెండ్‌కు 14 బిట్లు, 16,384 మెట్లు ఉన్నాయి. కానీ అది చానల్ మొత్తాన్ని, అంటే ఒకే దారిలో వెళ్లే స్వరాలన్నిటినీ, వంచుతుంది; రెండు వేళ్లు పెడితే రెండు స్వరాలూ కలిసే వంగుతాయి. ఒక్కో స్వరానికి ఒక్కో చానల్ ఇచ్చే ఎంపీఈ పద్ధతి 2018లో ప్రమాణమైంది. పలక లోపలి చిప్ స్పర్శను 128 మెట్లలోనే కొలుస్తుంటే మాత్రం 14 బిట్లలో పంపినా ఒరిగేదేమీ లేదు.

అప్పుడు ఖాళీలను మనమే పూరించాలి. ‘లైన్~’ పెట్టె పాత విలువ నుంచి కొత్తదానికి శాంపిల్ శాంపిల్‌కూ (ధ్వనిని కట్టే ఒక్కో అంకెకూ) కొంచెం కొంచెంగా నడుస్తుంది. 20 మిల్లీసెకన్ల గడువు చాలు. 200కు పెంచారా, సెకనుకు ఐదుసార్లు ఊగే కంపితం చదునైపోతుంది.

ఇంకొక మెలిక. పలక విలువను నేరుగా హెర్ట్‌జ్‌గా మార్చకండి. 220 షడ్జం, 440 పై షడ్జం అయితే పలక నడిమధ్యన 330 పలుకుతుంది. అది పంచమం! చెవికి మధ్య బిందువు 311 హెర్ట్‌జ్, ప్రతిమధ్యమం. లాగరిథమ్‌లను ఇంటర్‌లో ఇలా వినిపిస్తూ చెబితే ఎవరు మరిచిపోతారు? అందుకని విలువను 127తో భాగించి, 12తో గుణించి, 57 కలపండి. మిడిలో 57 అంటే 220 హెర్ట్‌జ్. దాన్ని ‘లైన్~’కు, అక్కడి నుంచి మిడి అంకెను హెర్ట్‌జ్‌గా మార్చే ‘ఎంటాఫ్~’కు, ఆపైన ధ్వని పుట్టించే ‘ఆస్క్~’కు ఇవ్వండి.