ఇసే ఆలయానికి కలప ఎక్కడి నుంచి?

జపాన్‌లోని ఇసే నగరంలో సూర్యదేవత అమతెరసు ఆలయాన్ని 2033లో మళ్లీ కొత్తగా కట్టాలి. అందుకోసం చేసే క్రతువులు 2025లోనే మొదలయ్యాయి. గుడి శిథిలమై కాదు, 20 ఏళ్లకోసారి కొత్తగా కట్టడమే అక్కడి ఆనవాయితీ. మొదటిసారి 690లో, జితో మహారాణి హయాంలో జరిగింది. పక్కపక్కనే రెండు స్థలాలుంటాయి. ఒకదాంట్లో గుడి ఉంటే రెండోది ఖాళీగా ఉంటుంది. కొత్త గుడి లేచాక దేవతను అందులోకి తీసుకెళ్లి, పాతదాన్ని విప్పేస్తారు.

అన్నేళ్లుగా ఆగకుండా సాగిందని చాలామంది అనుకుంటారు, కానీ మధ్యలో తెగింది. 15వ శతాబ్దపు అంతర్యుద్ధాల్లో డబ్బు, రక్షణ రెండూ కరువై 120 ఏళ్లకు పైగా ఆగిపోయింది. దాన్ని మళ్లీ నిలబెట్టింది ఏ రాజో కాదు, సెయిజున్ అనే బౌద్ధ సన్యాసిని. ఆమె ఊరూరా తిరిగి విరాళాలు పోగు చేస్తే 1563లో ఇసేలోని రెండు ప్రధాన ఆలయాల్లో ఒకటైన బయటి ఆలయం లేచింది. అమతెరసు కొలువుండే లోపలి ఆలయానికి 1585 దాకా పట్టింది. ఇసే చరిత్ర చెప్పేటప్పుడు ఆమె పేరు ముందుగా రావాలని నా అభిప్రాయం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మరో దెబ్బ తగిలింది. 1945 డిసెంబరులో ఆలయాలకు ప్రభుత్వ సొమ్ము ఆగిపోయింది. 1949లో జరగాల్సిన నిర్మాణం 1953లో, జనం ఇచ్చిన చందాలతో జరిగింది. 2013 నాటికి ఖర్చు సుమారు 5,500 కోట్ల యెన్‌లకు చేరింది.

వెళ్లేవాళ్లు ముందు బయటి ఆలయం, తర్వాత లోపలిది చూడటం సంప్రదాయం. ప్రధాన మందిరం చుట్టూ వరుసగా కంచెలుంటాయి కాబట్టి మనకు కనిపించేది కప్పు పైభాగం మాత్రమే. మందిరం ముందున్న మెట్లు దాటాక ఫొటోలు తీయనివ్వరు. నిరాశపడకుండా పక్కనున్న ఖాళీ స్థలాన్ని కాసేపు చూడండి, తర్వాతి గుడి లేచేది అక్కడే. లోపలి ఆలయానికి వెళ్లే ఉజి వంతెనకు రెండు వైపులా ఉన్న తోరణాలనూ గమనించండి. పాత మందిరాల స్తంభాలనే వాటికి వాడతారు. మిగతా కలప దేశంలోని వేరే ఆలయాలకు వెళ్తుంది.

అసలు టెన్షన్ కొత్త కలప గురించే. ఒక్కో నిర్మాణానికి దాదాపు 10 వేల హినోకి (జపాన్ సైప్రస్ చెట్టు) దుంగలు కావాలి. తొలినాళ్లలో ఆలయం చుట్టూ ఉన్న కొండల్లోనే దొరికేవి. పెద్ద చెట్లు అయిపోయాక దూరంలోని కిసో అడవులే దిక్కయ్యాయి. 1923లో ఆలయం 200 ఏళ్ల అటవీ ప్రణాళిక వేసి సొంత కొండల్లో హినోకి నాటడం మొదలుపెట్టింది. 2013లో సుమారు పావు వంతు కలప ఆ అడవి నుంచే వచ్చింది, దాదాపు 700 ఏళ్ల తర్వాత. పెద్ద దుంగలకు మాత్రం ఇంకా కిసోయే ఆధారం. 2033 ఆలయం కోసం 2025 జూన్‌లో తొలి చెట్లను గొడ్డళ్లతో కొట్టింది అక్కడే, వాటి వయసు సుమారు 300 ఏళ్లు.